సముద్రం ఒడ్డున మా అవ్వ హోటలు

మా కాగజ్‌నగర్‌లో ఎవరు విశాఖపట్నం పోతున్నా బయలుదేరే ముందు ఒకసారి నా దగ్గరికి వస్తారు. ఏ లాడ్జిలో దిగాలో అడగరు, ఏ గుడి చూడాలో అడగరు. ఎక్కడ తినాలో చెప్పమంటారు. మెస్సు నడిపేదాన్ని కాబట్టి తిండి సంగతి నాకు తెలిసి ఉంటుందని వాళ్ల నమ్మకం. పైగా నేను పోయినేడు అక్కడ నాలుగు రోజులు ఉండి వచ్చాను. మా వాడలో తిరుపతి పోయినవాళ్లు ఇంటికొకరు ఉంటారు గానీ సముద్రం ఒడ్డున నాలుగు రోజులు ఉన్నవాళ్లు తక్కువ.

నేనూ దాచుకోను. పొద్దున పెద్ద హోటళ్ల జోలికి పోవద్దని చెప్తాను. చేపల రేవు దగ్గరి సందుల్లో ఆడవాళ్లు ఇంటి ముందే పొయ్యి పెట్టుకుని ఇడ్లీ వేస్తారు, అక్కడ తినండి. అల్లం చట్నీ తియ్యగా ఉంటుంది, బెల్లం ఎక్కువైందని వాళ్లతో కొట్లాటకు దిగకండి, అక్కడంతే. సాయంత్రం ఇసుకలో నడిచాక ముంత మసాలా తినండి. మరమరాల్లో ఉల్లిగడ్డ, టమాట, నిమ్మకాయ కలిపి ఇస్తారు, కారం ఎక్కువ వేయమని ముందే చెప్పాలి, లేకపోతే పసిపిల్లలకు పెట్టినట్టు పెడతారు. బండ్ల మీద వేయించే చేపలు తినాలనుకుంటే ముందు మూకుడులోకి తొంగి చూడండి. నూనె నల్లగా ఉంటే మొహమాటపడకుండా లేచి రండి. మగవాళ్లు నన్ను పక్కకు పిలిచి కల్లు దొరుకుతుందా అని కూడా అడుగుతారు. తాటికల్లు దొరుకుతుంది గానీ మన ఈతకల్లు రుచి దానికి రాదు. తాగే ముందు అమ్మవారికని నాలుగు చుక్కలు నేల మీద సాక పోద్దామంటే అంతా ఇసుకే, పోసినంత సేపు పట్టదు ఇంకిపోవడానికి.

ఇవన్నీ చెప్తాను. ఒక్క హోటలు సంగతి మాత్రం చెప్పను. అది భీమిలి పోయే దారిలో, సముద్రానికి ఎదురుగా, పది మెట్లు ఎక్కి పోయేటట్టు ఉంటుంది. మన తెలంగాణ తిండి దొరుకుతుంది. జొన్న రొట్టె, పుంటికూర, ఎల్లిపాయ కారం, మంగళవారం కిచిడీ, దాంతో పచ్చిపులుసు. ఆ పచ్చిపులుసు మా అవ్వది. రుచి అలా ఉంటుందని కాదు నేననేది. అచ్చంగా మా అవ్వదే.

అవ్వ అంటే మా అమ్మ. మా వైపు తల్లిని అవ్వ అంటాం. బాపు నా చిన్నప్పుడే పోతే, అవ్వ పేపరు మిల్లు గేటుకు ఎదురు సందులో మెస్సు పెట్టింది. మిల్లు కూత పెడితే పొయ్యి మీది అన్నం దిగాలి, అదీ లెక్క. బీహారు వాళ్లు, మరాఠీ వాళ్లు, మన వాళ్లు, అందరూ ఒకే బల్ల మీద కూర్చునేవాళ్లు. మంగళవారం మాత్రం చోటు దొరికేది కాదు. పచ్చిపులుసు అనే మాట నోరు తిరగని బీహారు ఫిట్టరు ఒకాయన దాన్ని “మంగళ్‌వాలా పానీ” అనేవాడు, మూడు గిన్నెలు తాగేవాడు.

మా దగ్గర వంట చేసినవాడు భైంసా వైపు నుంచి వచ్చాడు. అప్పటికే పాతికేళ్లవాడు. పత్తి మిల్లులో పని అయిపోయిందని ఇటు వచ్చి, మా దగ్గర అన్నం తిని, డబ్బుల్లేవని చెప్పకుండా లేచి వంటింట్లోకి పోయి బియ్యం కడగడం మొదలుపెట్టాడు. అవ్వకు అది నచ్చింది. సగం మరాఠీ, సగం తెలుగు మాట్లాడేవాడు. ఏడాది తిరిగేసరికి అవ్వ వాణ్ని పొయ్యి దగ్గర నిలబెట్టింది. ఇంకో ఏడాదికి పులుసు వాడి చేతికే ఇచ్చింది. నేను బయట వడ్డించేదాన్ని, బల్లలు తుడిచేదాన్ని, తాగొచ్చినవాళ్లను తిట్టి బయటికి పంపేదాన్ని. నాకు నోరుంది, అది నాకు తగిన పనేనని అందరూ అనేవాళ్లు, నేనూ అనుకున్నాను. వాడు నన్ను అక్క అనేవాడు. రాఖీ కట్టించుకునేవాడు. అవ్వ వాణ్ని పెద్దకొడుకు అనేది, చిన్నకొడుకు లేకపోయినా.

మిల్లు మూతపడింది. మెస్సును కొన్నాళ్లు ఈడ్చాం. తినేవాళ్లే లేరు, ఎవరికని వండాలి? నా ఇంటాయన మిల్లులో పనిచేసేవాడు, ఆటో నడపడం మొదలుపెట్టాడు. వీడు ఎవరో వంటల కాంట్రాక్టరు వెంట విశాఖపట్నం పోయాడు. స్టేషన్‌లో అవ్వ రెండు చేతులూ పట్టుకున్నాడు. “మిల్లు తెరిసిన తెల్లారే వస్త అవ్వా. నువ్వు పొయ్యి రాజేసేటాళ్లకు నేనుంట” అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. నా చెవులతో విన్నాను.

నాలుగేళ్లకు మిల్లు తెరిచారు. నా ఇంటాయనను మళ్లీ తీసుకున్నారు. కానీ మా పాత గదిలో అప్పటికే సెల్‌ఫోన్ల దుకాణం వచ్చింది. తర్వాత కరోనా. అలా అలా పోయినేడు గది ఖాళీ అయింది, నేను ఆలోచించకుండా తీసేసుకున్నాను. గిన్నెలు కొన్నాను, బల్లలు చేయించాను. ఒక్కటే తక్కువ, వండే చెయ్యి. అవ్వ వేళ్లు వంకర పోయాయి, గరిటె నిలవదు. నాకు అన్నం, పప్పు, గుడ్డు కూర వచ్చు. ఆ మాత్రం దానికి ఎవరు మెస్సుకొస్తారు, ఇంట్లోనే తింటారు. వాడు వస్తేనే మెస్సు.

మా వైపు మనిషిని పిలవాలంటే ఇంటికి పోయి బొట్టు పెట్టి పిలవాలి. ఫోన్‌లో పిలిస్తే పిలుపు కాదు. రమ్మన్నవాణ్ని ఉత్త చేతులతో రమ్మనకూడదు కూడా. కొత్త బట్టలు పెట్టి, వెంట తోలుకురావాలి. అందుకే ప్యాంటు, చొక్కా బట్ట కొని, కుంకుమ భరిణె సంచిలో పెట్టుకుని, అవ్వను తీసుకుని బయలుదేరాను. వాడికి ముందుగా చెప్తానంటే అవ్వ వద్దంది. “చెప్పకు బిడ్డా. పోయి నిలవడ్దం. అప్పుడు వాని మొకం చూడాలె” అంది. ఆ మాటకు నేను మురిసిపోయాను. వరంగల్‌లో బండి మారాం. అవ్వ కిటికీ పక్కన కూర్చుని విజయవాడ దాటాక దారంతా కాలువలు చూస్తూ ఉంది.

వాడు అక్కడ హోటలు పెట్టుకున్నాడని అవ్వ చెప్పగా విన్నదే, నేను పిలిస్తే అది వదిలేసి వస్తాడని నా ధీమా. దిగినరోజే అక్కడికి పోదామన్నాను. వాడు ఫోన్‌లో అవ్వకు చెప్పిన గుర్తులు ఆమె దగ్గర కాగితం మీద ఉన్నాయి. అవ్వ కాళ్లు నొస్తున్నాయంది. మర్నాడు కూడా అంతే. “ఇయ్యాల వద్దు, రేపు పోదాం. జరంత సముద్రం చూడనియ్” అంది. సరే, పెద్ద మనిషి, జన్మలో మొదటిసారి చూస్తోంది, చూడనీ అనుకున్నాను. ఆ రెండు రోజులూ బండ్ల మీదే తిన్నాం, ఊళ్లో వాళ్లకు నేను చెప్పే జ్ఞానమంతా ఆ రెండు రోజులదే. మూడో రోజు మంగళవారం. అవ్వ పొద్దున్నే లేచి తలకు నూనె పెట్టి దువ్వుకుని, “పోదాం పా” అంది.

మెట్లెక్కేసరికి పన్నెండు దాటింది. బోర్డు మీద ‘అవ్వ’ అనే మాట పెద్ద అక్షరాలతో ఉంది. నా ఛాతీ పొంగింది, అబద్ధమెందుకు. చూడు, మర్చిపోలేదు, పేరు పెట్టుకున్నాడు అనుకున్నాను. లోపలికి అడుగుపెట్టాను. ఎదురుగా గోడకు మా అవ్వ ఫోటో. ఇంత పెద్దది, బంగారు రంగు చట్రం కట్టించి. దానికి గంధపు చెక్కల దండ. కింద ఎర్ర బల్బు వెలుగుతోంది.

బతికి ఉన్న మనిషి ఫోటోకు దండ వేయరని చెప్పాల్సిన పని ఉందా? చిన్నపిల్లలు ఆటకు వేసినా వీపు చిట్లేటట్టు కొడతాం. నేను చటుక్కున అవ్వకు అడ్డంగా నిలబడ్డాను. ఆమెకు కంటి పొర ఉంది, కనబడదులే అనుకున్నాను. “ఇక్కడ జాగ లేదు, బయటికి పోదాం” అన్నాను. అవ్వ నన్ను తప్పించుకుని పోయి, సరిగ్గా ఫోటోకు ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చుంది.

వడ్డించే అబ్బాయి మీసాలవాడు, మర్యాదస్తుడు. “మామ్మగారూ, నెమ్మదిగా కూర్చోండి. మంగళవారం మా స్పెషల్ కిచిడీ పచ్చిపులుసు అండి. తెమ్మంటారా?” అన్నాడు. నేను తెమ్మని చెయ్యి ఊపి, “గా ఫోటోల ఉన్నదెవరు?” అని అడిగాను.

“మా ఓనరుగారి అమ్మగారండి. పోయారు. ఈ వంటలన్నీ ఆవిడ నేర్పినవేనంట. ఆవిడ గుర్తుగానే హోటలు పెట్టారు.”

“ఎట్ల పోయిందట?” అని అవ్వ అడిగింది.

“నిద్రలోనే పోయారంటండి. ఎవరిచేతా ఒక్కరోజు చేయించుకోలేదంట. మహాతల్లి.”

“మంచిగనే పోయిందన్నట్టు” అంది అవ్వ. “జర మంచినీళ్లు తే బిడ్డా.”

నేను అవ్వ ముఖం వైపు చూశాను. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పెద్దతనం, తన ఫోటోనే తాను గుర్తుపట్టలేదు పాపం అనుకున్నాను. ఆ క్షణాన ఆమె మీద నాకు కలిగిన జాలి తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

కిచిడీ వచ్చింది. అవ్వ పులుసు పోసుకుని కలిపి నోట్లో పెట్టుకుంది. తల ఊపింది. నేను ముద్ద ముట్టలేదు. అప్పుడే వాడు వంటింట్లోంచి బయటికి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతికి గడియారం. ఒక్కో బల్ల దగ్గరా ఆగి, “బావుందాండీ? ఇంకొంచెం వేయించమంటారా?” అంటున్నాడు. ఆ అండీ, ఆ గారూ, ఏదో పుట్టుకతో వచ్చినట్టే ఉన్నాయి. మా బల్ల దగ్గరికి వచ్చి తలెత్తి చూశాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

మా పక్క బల్ల మీద హైదరాబాదు నుంచి వచ్చిన కుటుంబం ఒకటి తింటోంది. అందులో ఇంటావిడ అప్పటికే అవ్వనూ ఫోటోనూ మార్చి మార్చి చూస్తోంది. “గీ అవ్వ అచ్చం ఫోటోల ఆమె లెక్కనే ఉన్నది గదా” అంది వాడితో.

వాడు ఫోటో వైపు చూశాడు. ఒక్క క్షణమే. “మా అమ్మగారి చెల్లెలండి. పిన్ని. ఊరి నుంచి వచ్చారు” అన్నాడు.

నేను లేచాను. నోరు తెరిచాను. అవ్వ నా చీర కొంగు పట్టుకుని కిందికి లాగింది. లాగి, ఆ ఇంటావిడ వైపు తిరిగి, “అవు బిడ్డా. అక్క నాకంటె రెండేండ్లు పెద్దది” అంది.

ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. లేచి వచ్చి అవ్వ కాళ్లకు మొక్కింది. “మీ అక్క చెయ్యి ఎంత సల్లటిదో” అంది. “చానా మంచిదమ్మా మా అక్క” అని అవ్వ ఆవిడ నెత్తి మీద చెయ్యి పెట్టింది. ఇదంతా నా కళ్లముందు జరిగింది. అరవై ఏళ్లుగా అబద్ధమాడితే నాలుక తెగుతుందని అందరికీ చెప్పిన మనిషి!

వాడు మమ్మల్ని వంటింటి వెనక ఉన్న చిన్న వరండాలోకి తీసుకుపోయాడు. అక్కడ గ్యాసు సిలిండర్లు, ఉల్లిగడ్డ సంచులు ఉన్నాయి. అవ్వ ఒక సంచి మీద కూర్చుంది. నేను అప్పటిదాకా పట్టుకున్నదంతా వదిలేశాను.

“సచ్చిపోయిందని దండేసినవ్ గదా. మరి గుండు గీయించుకున్నవా? దినాలు చేసినవా? మాకు కబురన్న పంపినవా? మా అవ్వ సచ్చిపోతె నాకు తెల్వద్దారా?”

“అక్కా, నీ కాళ్లు మొక్కుత, నిమ్మలంగ మాట్లాడు. లోపల గిరాకి ఉన్నది” అన్నాడు. ఇప్పుడు మా మాట మళ్లీ నోటికి వచ్చింది. “గీడ వంద హోటళ్లున్నయక్కా. బతికున్నోళ్ల వంటంటె ఎవ్వలు ఆగరు. పోయినామె యాది అంటె ఆగి, ఫోటో చూసి, ఇంత పులుసు ఎక్కువ పోయించుకుంటరు. గంతే. అవ్వ మీద నాకు పావురం లేకనా?”

పావురమట. ప్రేమ ఉన్నవాడు చేసే పనేనా ఇది? చేతిలో ఏదుంటే అది విసిరేదాన్ని, కానీ చేతిలో ఉన్నది వాడికి తెచ్చిన బట్టల సంచి. దాన్ని చూశాక వచ్చిన పని గుర్తొచ్చింది. సిగ్గు విడిచి చెప్పాలి, ఆ స్థితిలో కూడా నేను వాణ్ని పిలిచాను. నాకు మెస్సు కావాలి. గది తీసుకున్నాను, బల్లలు చేయించాను, నీవు వస్తే ఈ ఫోటో సంగతి ఇక్కడే మర్చిపోతాను, దండ తీసేసి మాతో రా అన్నాను.

వాడు నా వైపు కాకుండా అవ్వ వైపు చూశాడు. వాడి ముఖంలో భయం పోయి అయోమయం వచ్చింది.

“అవ్వ నీకు చెప్పలేదా అక్కా? మిల్లు తెరిసినప్పుడే చెప్పిన గదా, నేను ఇగ రానని. గీడనే పెండ్లి చేసుకున్న, ఇద్దరు పిల్లలు.”

అవ్వ సముద్రం వైపు చూస్తోంది. ఆ వరండాలోంచి సముద్రం కనిపించదు, పక్క లాడ్జి గోడ కనిపిస్తుంది. అయినా అటే చూస్తోంది. నేను తలుపు సందులోంచి మళ్లీ ఆ ఫోటో చూశాను. అప్పుడు నా కళ్లకు చీర కనబడింది. చిలకపచ్చ చీర, ఎర్రంచు. అది నేను కొన్నది. మిల్లు తెరిచాక నా ఇంటాయన తెచ్చిన మొదటి జీతంతో కొన్నది. వీడు ఊరు వదిలిన నాలుగేళ్లకు కొన్న చీరలో ఉన్న ఫోటో వీడి గోడకు ఎలా వచ్చింది?

“ఫోటో ఎవరిచ్చిండ్రు నీకు?”

అవ్వే చెప్పింది. “నేనే పంపిచ్చిన. పక్కింటి పిల్లతోని ఫోన్‌ల తీపిచ్చి పంపిచ్చిన.”

“దండేస్తడని తెలుసా?”

“అడిగిండు. ఏసుకో అన్న. సచ్చినాన్క ఎట్లన్న ఏస్తరు గదా. జర ముందుగాల ఏస్తె ఏమాయె? వానికి నాలుగు మెతుకులు పుడుతయంటె నాకేం పోయింది?”

ఆమెకేం పోలేదు నిజమే. ఏళ్ల తరబడి నేను ప్రతి పండుగకు “తమ్ముడు వస్తే మెస్సు తెరుద్దాం” అంటుంటే ఆమె “తెరుద్దాం బిడ్డా” అంది. గదికి అడ్వాన్సు ఇచ్చిననాడు నా పక్కనే ఉంది. గిన్నెల దుకాణంలో నా వెంట కూర్చుని, “గీ గుండిగ పెద్దది తీస్కో, కిచిడీకి ఆగుతది” అని చేత్తో కొట్టి చూపించింది. వాడు రాడని తెలిసీ!

బట్టల సంచి నా చేతిలోంచి అవ్వ తీసుకుంది. కుంకుమ తీసి వాడికి బొట్టు పెట్టింది. బట్టలు వాడి చేతుల్లో పెట్టింది. వాడు అవ్వ కాళ్ల మీద పడి ఏడ్చాడు. భార్యను పిలిచాడు, పిల్లలను బడి నుంచి తీసుకొస్తానన్నాడు. నేను అక్కడ ఉండలేకపోయాను. వంటింట్లోంచే నడిచి, తినేవాళ్ల మధ్యలోంచి, మెట్లు దిగి రోడ్డు దాటి ఇసుకలోకి పోయాను. చాలాసేపటికి వాడి మనిషి ఎవరో అవ్వను చెయ్యిపట్టి తీసుకొచ్చి నా పక్కన కూర్చోబెట్టి పోయాడు.

తర్వాత అవ్వే అంది. “నీకు ముందుగాల చెప్తె నన్ను తోల్కరాకపోదువు. నాకు వాణ్ని ఒక్కసారి చూడాలెననిపిచ్చింది.”

“అయితె గది ఎందుకు తీస్కోనిచ్చినవ్?”

“నువ్వు గంత సంబురంగ ఉంటివి. చెప్పనీకి నోరు రాలే.”

నాకు కోపంలో ఏడుపు రాదు, నోరొస్తుంది. కానీ ఆ రోజు నోరు కూడా రాలేదు. వాడు చేసింది వాడి కడుపు కోసం. పరాయివాడు, పోతాడు. అవ్వ నా అవ్వ. తనతో ఒకే ఇంట్లో, ఒకే చాప మీద పడుకున్న నన్ను వదిలేసి, దూరాన ఉన్నవాడితో కూడబలుక్కుని నన్ను పిచ్చిదాన్ని చేసింది. ఎప్పుడూ అడగని మాట అప్పుడు అడిగాను.

“పులుసు వానికి నేర్పినవ్. నాకెందుకు నేర్పలే అవ్వా?”

ఆమెకు ఆ ప్రశ్న వింతగా తోచింది. ఇంత తెలియదా అన్నట్టు చూసింది. “ఆడపిల్లవు గదనే. నేర్పితె నువ్వు లగ్గమై పోంగనే మన చెయ్యి ఇంకో ఇంటికి పోతదనుకున్న. వాడు మొగోడు, దిక్కులేనోడు, మన కాన్నే పడుంటడనుకున్న.”

నాకు తెలియని పద్ధతి కాదు ఇది. సిరిసిల్లలో మా మేనమామల ఇంట్లో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, కొత్త అంచు ఎక్కించే పని కొడుకులకే నేర్పారు. కూతుళ్లు పెళ్లయ్యేదాకా కండెలు చుట్టారు, అంతే. చూస్తూ పెరిగాను. నాకూ అదే జరిగిందని మాత్రం యాభై ఏళ్లకు, ఇసుకలో కూర్చుని తెలుసుకున్నాను.

“నేను పోయిన్నా?” అన్నాను. నా ఇంటాయనే ఇల్లరికం వచ్చాడు.

“పోలే.”

“వాడున్నడా?”

“లేడు” అంది అవ్వ. కొంగుకు అంటిన ఇసుక దులిపి, “తప్పయింది బిడ్డా” అంది. నేను ఫరవాలేదు అనలేదు. ఇప్పటికీ అనలేదు.

తిరిగొచ్చాక మెస్సు తెరిచాను. తీసుకున్న గదిని ఏం చేసుకోవాలి? మొండితనంతో తెరిచాను. అన్నం, పప్పు, గుడ్డు కూర, చారు. మిల్లు వాళ్లు మొదటి వారం వచ్చారు, రెండో వారం సగమయ్యారు. పాతవాళ్లలో మిగిలిన ఒక మేస్త్రీ అడిగేశాడు. “అన్ని మంచిగున్నయి గానమ్మా, మంగళారం పులుసేది?” వస్తుందన్నాను. ఎక్కడి నుంచి వస్తుంది?

నాకు తెలిసినట్టు చేసి చూశాను. మూడు సార్లు. అవ్వ నాలుక మీద వేసుకుని మూడు సార్లూ “ఊహూఁ” అంది. ఏది ఎంత, ఎప్పుడు వేయాలి అని అడిగితే చెప్పలేకపోయింది. “నోటికి రాదు బిడ్డా. అది చేతికే ఎరుక. చేతులేమో గిట్లాయె” అని వంకర వేళ్లు చూపించింది. చూపించి, చాలా మామూలుగా, “వాణ్నడుగు. వానికి తెలుసు” అంది.

నా కన్నతల్లి పులుసు నేర్చుకోవడానికి, ఆమెను చంపి గోడకు వేలాడదీసినవాణ్ని నేను అడగాలి. నెల రోజులు అడగలేదు. ఆ నెలలో మెస్సులో బల్లలు తుడవాల్సిన పని కూడా లేకపోయింది. ఒకరోజు మధ్యాహ్నం ఖాళీ బల్ల ముందు కూర్చుని ఫోన్ చేశాను.

వాడు దాచుకోలేదు. ఆ మాట ఒప్పుకోవాలి. గంటసేపు చెప్పాడు. “ఉల్లిగడ్డ పొట్టు తియ్యకుంట నిప్పుల మీద కాల్చాలె అక్కా. మిరపకాయలు ఆఖర్న, జర నల్లగైతే చాలు. చింతపండు వేడినీళ్లల్ల ఎయ్యకు, సల్లనీళ్లల్లనే. వేళ్లతోని కాదు, అరచేతితోని పిసుకు. నువ్వుల పొడి పొయ్యంగనే కలపకు, జరసేపు పైన తేలనియ్.” చెప్తూ చెప్తూ వాడి గొంతు మారింది. “అవ్వ మంచిగున్నదా?” అన్నాడు.

“నీ గోడ మీదనే ఉన్నది గదా, చూస్కో” అని పెట్టేశాను.

మంగళవారం చేశాను. పిసికేటప్పుడు వేళ్లు ముందుకొస్తే వెనక్కి లాక్కుని అరచేతితోనే పిసికాను. మేస్త్రీ ఒక ముద్ద తిని గిన్నె ముందుకు జరిపాడు మళ్లీ పోయమని. బల్లలన్నీ నిండాయి. కడుపు నిండినట్టు కాదు, ఏదో గెలిచినట్టు అనిపించింది నాకు. ఇరవై ఏళ్లు బయట వడ్డించినదాన్ని, ఇవాళ లోపలి నుంచి పంపుతున్నాను. ఎవరి సాయమూ లేదు, వాడు ఫోన్‌లో చెప్పిన మాటలు తప్ప.

అందరూ పోయాక ఒక గిన్నెలో కిచిడీ, పులుసు పోసుకుని ఇంటికి తీసుకుపోయాను. అవ్వ మంచం మీద కూర్చుని ఉంది. ఈసారి ఊహూఁ అనలేవు అని మనసులో అనుకున్నాను. వేళ్లు సరిగా పట్టవు కాబట్టి నేనే కలిపి ముద్ద పెట్టాను. అవ్వ నమిలి మింగింది. ఇంకో ముద్దకు నోరు తెరిచింది. అది కూడా మింగి, కళ్లు మూసుకుని, పులుసు గిన్నె తీసుకుని తాగింది. ఆమె ముఖం అంత వెలగడం నేను ఏళ్ల తరువాత చూశాను. నేను అడగబోతున్నాను, ఎట్లుందవ్వా అని.

అవ్వ కళ్లు తెరిచి, నన్ను దాటి గుమ్మం వైపు చూసింది.

“వాడెప్పుడొచ్చిండు? నాకెందుకు చెప్పలే?” అంది.